"దర్శనం బాగా అయ్యిందా?": రొమ్ము క్యాన్సర్ చికిత్సలో నా ఏడాది

నాకు కెమెరా ముందు మాట్లాడే అలవాటు లేదు, తడబడితే ఏమీ అనుకోకండి. మాది కురబలకోట, మదనపల్లె పక్కన. ఇంట్లో టమేటా సాగు. నాకు 38 ఏళ్ళు. ఒక పాప, దానికి 9 ఏళ్ళు. నా తలమీద ఈ పొట్టి జుట్టు చూసి కొత్త ఫ్యాషన్ అనుకునేరు! (నవ్వు) కీమో అయిపోయినాక ఇప్పుడిప్పుడే మొలుస్తా ఉంది.

మొదట నా తప్పు చెప్తాను. స్నానం చేస్తున్నప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. చెనిక్కాయ గింజంత. నొప్పి లేదు. నొప్పి లేదు కదా, ఏం కాదులే అనుకున్నాను. అదే పెద్ద పొరపాటు. చాలామందికి క్యాన్సర్ గడ్డ మొదట్లో నొప్పి పుట్టదు. ఊళ్ళో మందులిచ్చే ఒకాయన దగ్గరికి పోతే, పాలగడ్డ అయ్యుంటుంది అని మాత్రలిచ్చాడు. నేనూ అదే నమ్మాలనుకున్నాను, నమ్మేశాను. అట్ల 5 నెలలు పోయాయి.

ఆ 5 నెలలు ఎందుకు దాచానో తెలుసా? చావు భయం ఒకటే కాదండి. డబ్బులు ఎట్ల? తోట పని ఎవరు చూస్తారు? "ఆ ఇంట్లో ఆ జబ్బు ఉండాది" అని పేరు పడితే, రేపు నా పాపను ఎవరు చేసుకుంటారు? నవ్వొస్తుంది కదా, పాపకు 9 ఏళ్ళు! కానీ రాత్రి 2 గంటలప్పుడు మనసు ఇట్లాగే ఆలోచిస్తుంది.

చివరికి మా చెల్లెలు పట్టుబట్టి తిరుపతికి తీసుకుపోయింది. మామోగ్రామ్ తీశారు, స్కాన్ చేశారు, సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. సూది పెడితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది అని మా ఊళ్ళో అంటారు. అది అపోహ అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బయాప్సీ లేకుండా అది ఏ రకమో తెలియదు. రకం తెలియకుండా మందు ఉండదు. ఒకరికి హార్మోన్ మాత్ర పని చేస్తుంది, ఇంకొకరికి హెర్2 అనే ప్రోటీన్ మీద పనిచేసే ఇంజెక్షన్ కావాలి, మరొకరికి ఈ రెండూ పని చేయవు. అందుకే "మా పిన్నికి ఈ మందు ఇచ్చారు, నీకెందుకు ఇవ్వలేదు" అని పోల్చుకోకూడదు.

రిపోర్టు వచ్చిన రోజు నేను ఒకటే అడిగాను. "మేడం, నేను బతుకుతానా?"

ఆమె ఫైల్లో ఏదో రాస్తూ, "ముందు 12వ తేదీకి రామ్మా. అది అయినాక తర్వాతి తేదీ చెప్తా" అనింది.

నాకు భలే కోపం వచ్చింది. ప్రాణం గురించి అడిగితే తేదీ చెప్తుందేమిటి? బయటికొచ్చి ఏడ్చాను. ఆ మాట విలువ నాకు మూడో కీమో నాటికి గానీ అర్థం కాలేదు.

నాకు కీమో 8 సార్లు, 21 రోజులకు ఒకసారి. మొదటి నాలుగు ఎర్ర మందు. సెలైన్‌లో ఎర్రగా దిగుతుంది, ఆ రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకుంటే రక్తమని భయపడి చచ్చేదాన్ని. రెండు వారాలకు దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. మా ఆయన ఏమీ మాట్లాడకుండా మిషన్ తెచ్చి గుండు చేశాడు. పాప పక్కనే కూర్చుని, "అమ్మా, నువ్వు గుండులో బాగుండావు" అనింది. ఆ రోజు అదే నాకు మందు.

ఇప్పుడు అసలు సంగతి. మూడో కీమో అయిపోయి తిరుపతి నుంచి మదనపల్లె బస్సులో వస్తున్నాను. ఉక్కగా ఉందని తలమీద గుడ్డ తీసేశాను. పక్క సీటులో ఒకామె, నా వయసే ఉంటుంది, నవ్వుతూ అడిగింది. "కొండకు పోయొచ్చినారా అక్కా? దర్శనం బాగా అయ్యిందా?"

మన వైపు గుండు చూస్తే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది తిరుమలే కదా. నేను "ఆఁ, బాగా అయ్యింది" అన్నాను. సులభంగా అయిపోయింది. కానీ భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి మనసు ఊరుకోలేదు. మళ్ళీ దాస్తున్నానే అనిపించింది. దాచి దాచి 5 నెలలు పోగొట్టుకున్నదాన్ని కదా నేను. ఆమెతో చెప్పేశాను. "లేదమ్మా, నేను కొండకు పోలేదు. నాకు రొమ్ము క్యాన్సర్. ఆసుపత్రి నుంచి వస్తా ఉండా."

ఆమె మొహంలో నవ్వు పోయింది. లేచి ఇంకో సీటుకు పోతుందేమో అనుకున్నాను. పీలేరు దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "అక్కా, నాక్కూడా ఒక గడ్డ ఉండాది. ఎవురికీ చెప్పలే. యాడికి పోవాల?"

(కాసేపు మౌనం)

నేను పోయే చోటు చెప్పాను, నా ఫోన్ నంబర్ ఇచ్చాను. పది రోజులకు ఫోన్ చేసింది. పరీక్షలు చేయించుకుంది, అది మామూలు గడ్డే, క్యాన్సర్ కాదు. ఫోన్లో ఇద్దరమూ ఏడ్చాం. గడ్డలు ఎక్కువ భాగం క్యాన్సర్ కావండి. కానీ అవునో కాదో చెప్పాల్సింది పరీక్ష, మన ధైర్యమో మన భయమో కాదు.

మా పక్కనే ఆరోగ్యవరం ఉంది, మీలో చాలామందికి తెలుసు. నూరేళ్ళ కిందట అక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం పెట్టారు. అప్పట్లో క్షయ అంటే ఇప్పుడు క్యాన్సర్ అన్నట్టే, పేరు చెప్పడానికే భయం. సరైన మందు కూడా లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, వీటితోనే నెలల తరబడి అక్కడ ఉండేవాళ్ళు. 1940ల తర్వాత మందులొచ్చాయి. ఈరోజు టీబీ అంటే, మాత్రలు కోర్సు పూర్తిగా వేసుకో, తగ్గిపోతుంది అంటాం. పేరు చెప్పలేని జబ్బు, మందుల షాపులో పేరు చెప్పి అడిగే జబ్బు అయ్యింది. రొమ్ము క్యాన్సర్ కూడా ఆ దారిలోనే నడుస్తా ఉంది.

నటి గౌతమి గారు తెలుసు కదా, మన శ్రీకాకుళంలో పుట్టినావిడ. ఆమెకు 35 ఏళ్ళప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చికిత్స చేయించుకుని, లైఫ్ ఎగైన్ అనే ఫౌండేషన్ పెట్టి ఇప్పటికీ దీని గురించి మాట్లాడుతున్నారు. హంసానందిని గారు 2021 డిసెంబరులో గుండుతో ఉన్న తన ఫోటో తనే పెట్టారు. వాళ్ళమ్మ కూడా ఇదే జబ్బుతో పోయారు. ఆమెకు వంశంలో వచ్చే బీఆర్‌సీఏ1 జన్యు మార్పు ఉందని తేలింది. ఏడాదికి మళ్ళీ షూటింగ్‌కు వెళ్ళారు. వాళ్ళు సినిమావాళ్ళు, డబ్బుంది అంటారేమో. నిజమే. కానీ జుట్టు రాలిన రోజు వాళ్ళకూ మనకూ ఒకటే కదా.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అందులో క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుని ఉంటారు, మొదట వాళ్ళనే అడగండి. తిరుపతిలో స్విమ్స్ ఉంది, టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. అటు వేలూరు సీఎంసీ, ఇటు బెంగళూరు కిద్వాయ్ ఉన్నాయి. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగులకు రైలు టికెట్లో రాయితీ కూడా ఉంది.

కీమోలో ఉన్న అక్కాచెల్లెళ్ళకు నాలుగు మాటలు. జ్వరం 100.4 దాటితే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోవద్దు, రాత్రయినా సరే ఆసుపత్రికి పోండి. తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. నోరు పుండ్లు పడితే కారం మానండి. నాకు ఊరుబిండి అంటే ప్రాణం, అయినా మానేశాను! చల్లటి రాగి అంబలి ఒకటే దిగేది. ఆకు పసరు, చెట్టు మందు అని ఎవరేం ఇచ్చినా డాక్టరుకు చెప్పకుండా తాగవద్దు. రేడియేషన్ చేయించుకుంటే పిల్లలను ముట్టుకోకూడదేమో అని నేనూ భయపడ్డాను. మిషన్‌తో బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ మన ఒంట్లో మిగలదు. పాపను పక్కలో వేసుకునే పడుకుంటున్నాను. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు. గ్లాసు, కంచం వేరే పెట్టేవాళ్ళకు ఈ వీడియో చూపించండి.

చూసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. "ధైర్యంగా ఉండు" అని మెసేజ్ పెట్టడం సులభం. మా పక్కింటి పిల్లోడు, డిగ్రీ చదువుతున్నాడు, ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. "అక్కా, 12వ తేదీ పాపను నేను బడి నుంచి తీసుకొస్తా" అన్నాడు, తీసుకొచ్చాడు. అదీ ధైర్యం చెప్పడమంటే. మీ అమ్మను, అక్కను ఈరోజే అడగండి. గడ్డ ఉందా, చంకలో వాపు ఉందా, చర్మం నారింజ తొక్కలా సొట్టలు పడిందా, చనుమొన లోపలికి పోయిందా, రక్తం వస్తా ఉందా అని. సిగ్గయితే ఈ లింకు పంపండి చాలు.

ఇప్పుడు నాకు కీమో అయిపోయింది, ఆపరేషన్ అయ్యింది. రేడియేషన్ 15లో 6 అయినాయి. తర్వాత కనీసం 5 ఏళ్ళు హార్మోన్ మాత్ర. నేను పూర్తిగా గెలిచాను అని చెప్పడానికి రాలేదు. మళ్ళీ వస్తుందా రాదా, నాకు తెలియదు.

కానీ మా నాయన టమేటా రైతు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటింది. అంతకు ముందు కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. రేటు ఎంత పలుకుతుందో తెలిసి ఎవరూ నారు పొయ్యరు. ఈరోజు నీళ్ళు కట్టాలి, రేపు కట్టెలు నాటాలి, ఎల్లుండి మందు కొట్టాలి. ఆయనకు ఆశ అంటే అదే. డాక్టరమ్మ చెప్పిన 12వ తేదీ కూడా అదే అని నాకు ఇప్పుడు తెలుస్తా ఉంది.

నా తర్వాతి తేదీ సోమవారం. ఏడో రేడియేషన్. బస్సులో ఎవరైనా "దర్శనం బాగా అయ్యిందా" అని అడిగితే, ఈసారి ఘాట్ దాకా ఆగను. మొదటే చెప్తాను. వాళ్ళలో ఇంకెవరు గడ్డ దాచుకుని కూర్చున్నారో మనకేం తెలుసు?