వేడినీళ్ళు - కరెంటు బిల్లు



దసరా పోయింది. దీపావళి పోయింది. పొద్దుగాల లేస్తే ఇగం పెడుతుంది. సరూర్‌నగర్ చెరువు పక్క ఇళ్ళల్లో అయితే తలుపు తీస్తే చాలు, వణుకు వస్తుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రుళ్ళు చలి 15 డిగ్రీలకు దిగుతుంది. ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. సంక్రాంతి దాకా ఇట్లాగే ఉంటుంది. ముసలివాళ్ళు చన్నీళ్ళు పోసుకోలేరు. పసిపిల్లలకు పోయలేం. నీళ్ళు కాచక తప్పదు.

వెనక దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ వైపు ఇళ్ళకు పెరళ్ళు ఉండేవి. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి. పొయ్యి మీద కాగు. కట్టెలో, కొబ్బరి మట్టలో పెట్టి నీళ్ళు కాగబెట్టేవాళ్ళు. ఇప్పుడు పెరళ్ళు లేవు. రెండు గదుల అద్దె ఇంట్లో కట్టెల పొయ్యి ఎవరు పెట్టనిస్తారు? అందుకే ఇంటింటికీ కరెంటు రాడ్డు వచ్చింది. రాడ్డు కొనడం తేలికే. అది ఎంత కరెంటు తింటుందో బిల్లు వచ్చాకనే తెలుస్తుంది.

ఇన్నాళ్ళూ ఆ బిల్లు పిల్లవాడు చదివి చెప్పేవాడు. లేకుంటే ఇంటి ఓనరు ఎంతంటే అంత ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు అంకెలు వచ్చాయి. తీసివేత వచ్చింది. బిల్లు చదవడానికి ఇంతకంటే ఎక్కువ చదువు అక్కర్లేదు.

బిల్లు మీద రెండు రీడింగులు ఉంటాయి. ఒకటి పోయిన నెలది. ఇంకొకటి ఈ నెలది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసివేయండి. పోయిన నెల 4310. ఈ నెల 4495. తీసివేస్తే 185. అంటే ఆ ఇంట్లో 185 యూనిట్ల కరెంటు కాలింది.

యూనిట్ అంటే ఏమిటి? వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు నూరు గంటలు వెలిగినా ఒక యూనిట్ కాలదు. 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్. 1500 వాట్ల రాడ్డు మాత్రం గంటకే యూనిట్టున్నర తింటుంది. 2000 వాట్ల గీజరు గంట మరిగితే రెండు యూనిట్లు. చాలా ఇళ్ళల్లో బల్బు ఆర్పమని పిల్లల్ని కేకలేస్తారు. రాడ్డు పెట్టి మాత్రం వాకిలి ఊడ్వడానికి పోతారు!

ఒక ఇల్లు అనుకోండి. నలుగురు మనుషులు. మనిషికొక 20 లీటర్ల బకెట్. నీళ్ళు ఒంటికి పట్టేంత గోరువెచ్చగా కావడానికి బకెట్‌కు అర యూనిట్ చాలు. రాడ్డు ఇరవై నిమిషాలు ఉంటే సరిపోతుంది. నాలుగు బకెట్లకు రోజుకు రెండు యూనిట్లు. నెలకు 60. అదే రాడ్డును మరిచిపోయి ముప్పావు గంట ఉంచితే, బకెట్‌కు ఒక యూనిట్ దాటుతుంది. నెలకు 135 యూనిట్లు అవుతాయి. నీళ్ళు పొగలు కక్కుతాయి. వాటిని రెండు బకెట్లకు పంచి, చన్నీళ్ళు కలుపుకుంటే నష్టం లేదు. పంచకుండా చల్లారబెడితేనే నష్టం.

ఈ 75 యూనిట్ల తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో వచ్చిన ధరల పట్టిక ఇది. నెలకు 200 యూనిట్లు కాలిస్తే, మొదటి నూటికి 3 రూపాయల 40 పైసల చొప్పున, రెండో నూటికి 4 రూపాయల 80 పైసల చొప్పున పడుతుంది. మొత్తం 820 రూపాయలు. 201 కాలిందనుకోండి. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు వేస్తారు. ఆ పైన ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు 207 రూపాయల 70 పైసలు! ఇతర ఛార్జీలు ఇంకా వేరే.

గృహజ్యోతి ఉన్న ఇంట్లో ఈ గీత ఇంకా గట్టిది. ఈ పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. రేషన్ కార్డు ఉండి దరఖాస్తు పెట్టుకున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తుంది. అద్దెకున్న వాళ్ళకు కూడా ఉంది. కానీ 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. ఇళ్ళల్లో పని చేసుకునే ఒక అక్కకు వెయ్యి రూపాయలు అంటే ఎన్ని రోజుల కష్టం! అది మరిచిపోయిన రాడ్డుకు పోతుంది. మూడు కుటుంబాలకు ఒకే మీటరు ఉంటే ముగ్గురి వాడకం కలిసి లెక్కకు వస్తుంది. 200 గీత తొందరగా దాటిపోతుంది. విడి మీటరు పెట్టించమని ఓనరును అడగాలి.

నీళ్ళు ఎక్కడి నుంచి పట్టుకుంటున్నారో కూడా చూసుకోండి. మిద్దె మీది ట్యాంకు రాత్రంతా మంచులో ఉంటుంది. పొద్దుటి నీళ్ళు ఐసులా ఉంటాయి. బోరు నీళ్ళు అట్లా కాదు. భూమి లోపలి నీళ్ళు చలికాలంలో చేతికి వెచ్చగా తగులుతాయి. పొద్దున మోటరు వేసినప్పుడే ఆ నీళ్ళు బకెట్లకు పట్టుకుంటే రాడ్డుకు కొంత పని తప్పుతుంది. మధ్యాహ్నం ఎండ 28 డిగ్రీలు ఉంటుంది. నల్ల ట్యాంకు నీళ్ళు సాయంత్రానికి వెచ్చబడతాయి. బడి నుంచి వచ్చిన పిల్లలకు అప్పుడే స్నానం చేయించవచ్చు. అత్తమామలకు పన్నెండింటికి, ఎండ పొడలో పోయండి. పొద్దున ఆరింటికే పోసుకోవాలని ఎవరూ రాసిపెట్టలేదు.

గీజరు ఉన్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు పోసుకోండి. నీళ్ళు వేడెక్కగానే స్విచ్చి ఆర్పండి. ఫ్రిజ్జు లోపలి మీటను చలికాలంలో తక్కువకు తిప్పండి. ఫ్యాన్లు ఎట్లాగూ ఆగుతాయి. రెండు ఫ్యాన్లు పది గంటలు ఆగితే యూనిట్టున్నర మిగులుతుంది. మూడు బకెట్ల వేడినీళ్ళు అందులోనే వస్తాయి. గ్యాసు మీద కాచినా ఊరికే రాదు. ఒక బకెట్‌కు 60, 70 గ్రాముల గ్యాసు కాలుతుంది. కాచేటప్పుడు గంజు మీద మూత పెట్టండి.

ఖర్చు తగ్గాలని కొందరు రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసుకుంటారు. అది వద్దే వద్దు. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషపు గాలి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి ఆడని బాత్‌రూములో గ్యాసు గీజరు పెట్టినా ఇదే ప్రమాదం.

రాడ్డు దగ్గర కూడా ఏమరుపాటు కూడదు. ఇనుప బకెట్, స్టీలు బకెట్ వాడవద్దు. ముందు రాడ్డు నీళ్ళలో గుర్తు దాకా మునగాలి. తరువాతే స్విచ్చి వేయాలి. నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూడవద్దు. స్విచ్చి ఆర్పి, ప్లగ్గు పీకి, ఆ తరువాతే చెయ్యి పెట్టండి. పిల్లలు నిద్ర లేచి తిరిగే చోట రాడ్డు పెట్టవద్దు. చౌకగా వస్తుందని గుర్తు లేని రాడ్డు కొనవద్దు. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి.

రీడింగు తీసుకుపోయిన రోజున ఆ అంకె క్యాలెండరు మీద రాయండి. పదిహేనో రోజున మీటరు మళ్ళీ చూడండి. తీసివేయండి. 100 దాటితే మిగిలిన పదిహేను రోజులు రాడ్డు దగ్గర నిలబడి నీళ్ళు కాచండి. నెలాఖరున మీ లెక్కకూ బిల్లుకూ పొంతన లేకుంటే 1912 నంబరుకు ఫోను చేయండి. వాళ్ళు సర్వీసు నంబరు అడుగుతారు. అది బిల్లు మీదే ఉంటుంది. బిల్లు చేతిలో పట్టుకుని ఫోను చేయండి.