మందుల పేటెంటు ఎప్పుడు ముగియును?
(ఒక పట్టణ గ్రంథాలయ పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



న్యాయవాదిని గనుక నాకు నిత్యము తేదీలతోడనే పని. దావాకు గడువు, అప్పీలునకు గడువు, డిక్రీ అమలునకు గడువు: వీనిని ఎరుగని వకీలు కక్షిదారును ముంచును. నేడు చెప్పబోవునదియు గడువును గూర్చియే. అయితే ఇది భూమికిగాని బాకీకిగాని సంబంధించినది కాదు. రోగి మ్రింగు మాత్రకు సంబంధించినది. ఒక మందుపై ఒక కంపెనీకి గల గుత్తహక్కు ఏనాడు ముగియునో ఆనాటినుండియే ఇతరులు దానిని తయారుచేసి చౌకగా అమ్మగలరు. ఆ దినము ఏదియని అడిగిన, చట్టము ఒక్క వాక్యమున జవాబు చెప్పును. వ్యవహారమున మాత్రము ఆ జవాబు చాలదు.

మన 1970 నాటి పేటెంటు చట్టము మందులకు వస్తుపేటెంటు నీయలేదు. తయారుచేయు విధానమునకు మాత్రమే స్వల్పకాలపు హక్కు నిచ్చెను. ఆ నీడననే మన దేశపు మందుల పరిశ్రమ పెరిగినది. హైదరాబాదు దాని ముఖ్యస్థానములలో ఒకటి. పిమ్మట ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడిక ననుసరించి 2005 జనవరి 1వ తేదీనుండి మందులకు వస్తుపేటెంటు వచ్చెను. గడువు 20 ఏండ్లు.

20 ఏండ్లు ఎన్నటినుండి? ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. పేటెంటు మంజూరైన నాటినుండి కాదు, మందు అంగడికి వచ్చిన నాటినుండియు కాదు. దరఖాస్తు దాఖలైన నాటినుండి. అంతర్జాతీయ ఒప్పందముక్రింద విదేశమున దాఖలుచేసి పిమ్మట మన కార్యాలయమునకు తెచ్చిన దరఖాస్తైనచో, ఆ అంతర్జాతీయ దాఖలు తేదీయే లెక్కకు వచ్చును. స్వదేశమున అంతకు ముందు వేసిన మొదటి దరఖాస్తు ప్రాధాన్యమును మాత్రమే యిచ్చును, గడియారమును నడిపింపదు.

బెడాక్విలిన్ అను మందును చూడుడు. మామూలు మందులకు లొంగని క్షయరోగమునకు ఇది ప్రాణాధారము. మూలపదార్థముపై దరఖాస్తు తేదీ 2003 జులై 18. అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించినది 2012 డిసెంబరులో. అనగా పరీక్షలకే తొమ్మిదేండ్లు పైబడి గడచినవి. మన దేశమున ఆ పేటెంటు 2023 జులై 18న ముగిసెను.

ముగిసెననుట సులభమే. కాని కంపెనీ ఆ మందు యొక్క ఫ్యూమరేటు లవణముపై మరియొక దరఖాస్తును వేసియుండెను. అది మంజూరైయుండినచో గుత్తహక్కు 2027 వరకు సాగియుండెడిది. క్షయను జయించిన ఇద్దరు స్త్రీలు, ఒకరు మన దేశస్థురాలు, మరియొకరు దక్షిణాఫ్రికావాసి, దీనికి అభ్యంతరము దాఖలుచేసిరి. ముంబయి పేటెంటు కార్యాలయము 2023 మార్చి 23న ఆ దరఖాస్తును త్రోసివేసెను. నాలుగేండ్లు! మందు దొరకని క్షయరోగికి నాలుగేండ్లనగా ఏమో నేను చెప్పనక్కరలేదు.

సంబంధిత దరఖాస్తులన్నియు ఒక్క జాతివి కావు. ఒక దరఖాస్తులో రెండు మూడు కల్పనలు చేరియున్నచో దానిని విడదీసి పిల్ల దరఖాస్తులు వేయవచ్చును. పిల్లకు తల్లి తేదీయే. తల్లితోపాటే దాని ఆయువు తీరును. మూలపేటెంటునకు అనుబంధముగా నిచ్చు పేటెంటును అట్టిదే. వీనివలన కాలము పెరుగదు, చిక్కులు మాత్రము పెరుగును. అసలు భయము వేరుగా వేసిన దరఖాస్తుతో. కొత్త లవణము, కొత్త స్ఫటికరూపము, కొత్త మోతాదు: ప్రతిదానికి స్వంత తేదీ, స్వంత 20 ఏండ్లు. అడాలిముమాబ్ అను కీళ్లవాతపు సూదిమందు యొక్క ముఖ్య పేటెంటు అమెరికాలో 2016లో ముగిసినను, తరువాతి పేటెంట్ల దడి కారణముగా పోటీమందులు 2023 వరకు అచ్చట అంగడికెక్కలేదు.

అమెరికాలో మరియొక ద్వారము కూడ కలదు. పరీక్షలకు, అనుమతికి వ్యయమైన కాలమునకు బదులుగా 1984 నాటి శాసనము పొడిగింపు నిచ్చును. అది 5 ఏండ్లకు మించరాదు. అనుమతి నాటినుండి మిగులు ఆయువు 14 ఏండ్లు దాటరాదు. ఒక మందుకు ఒక్క పేటెంటునే పొడిగింపవలెను. ఐరోపాలోను ఇట్టి యేర్పాటు కలదు. పోయిన కాలమును తిరిగి అడుగుట కేవలము దుర్మార్గమని నేననను. కాని ఆ కాలపు వెలను చెల్లించునది రోగియే. మన చట్టమున పొడిగింపు లేదు. వర్తక సంప్రతింపులలో విదేశములు దీనినే పలుమారులు కోరినవి.

ఈ పొడిగింపు పత్రమే ఒకప్పుడు కోరినవారికి ఎదురుతిరిగినది. ఇమాటినిబ్ రక్తపు కేన్సరు మందు. దాని బీటా స్ఫటికరూపముపై నోవార్టిస్ కంపెనీ 1998లో మన దేశమున దరఖాస్తు పెట్టెను. అభ్యంతరము తెలిపినవారిలో ఒక రోగుల సంఘముతోపాటు హైదరాబాదునకు చెందిన నాట్కో, హెటెరో కంపెనీలును ఉండెను. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న దరఖాస్తు చెల్లదని తీర్పు చెప్పినది. ఆ తీర్పులో నొక చక్కని సంగతి కలదు. అమెరికాలో ఇదే కంపెనీ 2001 జులైలో పొడిగింపు కోరినపుడు, ఈ మందు పాత పేటెంటులోనిదేయని చూపి, ఆ పాత పేటెంటుకే ఆయువు అడిగెను. అచ్చట పాతదని కాలము కోరి, ఇచ్చట కొత్తదని హక్కు కోరుట ఎట్లు పొసగును? ఏ మునసబు కోర్టులోనైనను ఇట్టి రెండు నాల్కల సాక్షిని క్రాసు పరీక్షలో నిలువనీయరు. తెలిసిన పదార్థముయొక్క కొత్తరూపము గుణమున విశేషముగా మెరుగైననే గాని పేటెంటుకు తగదను 3(డి) నిబంధన ఇచ్చట నిలిచినది. ఆనాడు కంపెనీ మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు; దేశీయ కంపెనీలది 8 నుండి 10 వేలు.

కావున ఒక మందు ఎప్పుడు విముక్తమగునని అడుగువారు ఒక్క పేటెంటును చూచి ఊరకుండరాదు. మూలపదార్థపు తేదీ, తరువాతి దరఖాస్తుల తేదీలు, వానిలో ఏవి తల్లికి పిల్లలు, ఏవి స్వతంత్రములు, ఏటేట చెల్లించు రుసుము ఆగి ఏవి రద్దైనవి: ఇన్నియు విచారింపవలెను. దరఖాస్తు ప్రచురితమైన పిమ్మట, మంజూరునకు ముందు, ఎవరైనను అభ్యంతరము దాఖలు చేయవచ్చునని 25వ సెక్షను చెప్పుచున్నది. ఆ "ఎవరైనను" అను మాట విలువ యెంతటిదో బెడాక్విలిన్ రోగులు చూపిరి. అయితే 2024 మార్చి నాటి నియమములు ఈ అభ్యంతరమునకు క్రొత్తగా రుసుము విధించినవి. అది విచారణార్హమగునో కాదో ముందుగా కంట్రోలరు తేల్చవలెనన్నవి. పనికిమాలిన అభ్యంతరములను అరికట్టుటకట. రుసుము భారము కంపెనీకి తెలియదు, రోగుల సంఘమునకు తెలియును. ఈ నియమమును మార్చుమని పార్లమెంటు సభ్యులకు వ్రాయుటకు ఒక విజ్ఞాపనమును సిద్ధముచేసితిని. గ్రంథాలయపు బల్లపై నున్నది. మన రెండు తెలుగు రాష్ట్రములకు సంబంధించిన పేటెంటు కార్యాలయము చెన్నపట్టణమున నున్నది. అభ్యంతరము వేయగోరువారు విజ్ఞాపనము వెనుకనున్న కాగితములో తమ పేరును వ్రాసిన యెడల, దరఖాస్తులు చదువుపని నేను చేసిపెట్టుదును.