క్వారీ వస్తే ఊరికి ఎంత చప్పుడు?



ఊరి పక్క గుట్ట మీద క్వారీ వస్తుందని కబురు వస్తుంది. కొందరు పని దొరుకుతుందని సంతోషిస్తారు. కొందరు దుమ్ము కొడుతుంది, గోడలు బీటలు వారతాయి అని భయపడతారు. చప్పుడు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. "చప్పుడే కదా వదినా, నాలుగు రోజులు పోతే అదే అలవాటైపోతుంది" అని తీసిపారేస్తారు. ఈ రోజు ఆ చప్పుడు సంగతే చెప్పుకోవాలి.

చెవికి అలవాటైనట్టు ఉంటుంది. ఒంటికి అలవాటు కాదు. రాత్రి చప్పుడుకు నిద్ర తెగిపోతూ ఉంటుంది. తెల్లారి లేస్తే ఒళ్ళు బరువు, చిరాకు. ఏళ్ళ తరబడి ఇట్లా సాగితే రక్తపోటు, గుండె జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. బడిలో పంతులమ్మ చెప్పేది వెనక వరస పిల్లలకు వినపడదు. వాళ్ళు చదువులో వెనకబడతారు. తప్పు పిల్లలది కాదు, చప్పుడుది.

క్వారీలో చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

బండకు బెజ్జాలు వేసే మిషను ఒకటి. తూటాలు పెట్టి పేల్చడం రెండు. రాయిని కంకర చేసే క్రషరు మూడు. ఊరి రోడ్డు మీద తిరిగే టిప్పర్లు నాలుగు. అన్ని క్వారీలూ ఒకటి కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటు తీస్తారు. గ్రానైటు దిమ్మ పగలకుండా రావాలి. అందుకని వజ్రపు పూసలున్న తీగతో కోయడం ఉంటుంది. రోడ్డు కంకర క్వారీలో అయితే పేలుళ్ళు, క్రషరు ఎక్కువ. కాబట్టి మొదట అడగవలసింది ఇది: ఏ రాయి తీస్తారు? ఎట్లా తీస్తారు?

చప్పుడుకు కొలత ఉంది

బియ్యానికి కిలో, పాలకు లీటరు. చప్పుడుకు డెసిబెల్. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్స్. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, అక్కడ చప్పుడు సుమారు 85 అనుకోవచ్చు. అంత చప్పుడులో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ళ తరబడి పని చేస్తే చెవుడు రావచ్చు.

మన దేశంలో 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. ఇళ్ళు ఉన్న చోట పగలు 55, రాత్రి 45 దాటకూడదు. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. బడి, ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తే, అక్కడ పగలు 50, రాత్రి 40. ఈ అంకెలు పలక మీద రాసి గుర్తు పెట్టుకోండి.

ఒక చిన్న లెక్క

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 70 డెసిబెల్స్ మిషను పక్కన ఇంకో 70 మిషను పెడితే 140 కాదు, 73 అవుతుంది. దూరం రెండింతలైతే చప్పుడు సుమారు 6 తగ్గుతుంది.

క్రషరుకు 100 మీటర్ల దూరంలో 70 ఉందనుకోండి. 200 మీటర్ల దగ్గర 64. 400 దగ్గర 58. 800 దగ్గర 52. 1600 దగ్గర 46. అడ్డం లేని మైదానంలో లెక్క ఇది. నేల, గాలి, గుట్టలను బట్టి కొంత మారుతుంది.

ఇప్పుడు హద్దులతో పోల్చండి. 800 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికి పగలు పరవాలేదు. రాత్రి మాత్రం 45 దాటిపోయింది. అంటే అదే క్రషరు పగలు నడిస్తే ఒక సంగతి, రాత్రి నడిస్తే ఇంకో సంగతి. "రాత్రి పని చేస్తారా?" అన్న ప్రశ్న అందుకే ముఖ్యం.

రిపోర్టులో ఏం చూడాలి?

క్వారీ రాకముందే ఊళ్ళో ఎంత చప్పుడు ఉందో కొలవాలి. తరవాత ఎంత పెరుగుతుందో అంచనా వెయ్యాలి. ఆ అంచనా చదివేటప్పుడు నాలుగు విషయాలు చూడండి.

ఎక్కడ కొలిచారు? గుట్టకు అన్నిటికంటే దగ్గరున్న ఇంటి దగ్గర, బడి దగ్గర కొలవాలి.

ఎప్పుడు కొలిచారు? పగలూ రాత్రీ కొలవాలి. తిరునాళ్ళ రోజున మైకులు మోగుతుండగా కొలిస్తే ఊరు ముందే గోలగా ఉన్నట్టు తేలుతుంది. క్వారీ చప్పుడు చిన్నదైపోతుంది.

పేలుళ్ళను వేరుగా రాశారా? పేలుడు ఒకటి రెండు క్షణాలే. రోజంతటి సగటులో కలిపితే అది కనపడకుండా పోతుంది. పసిబిడ్డ ఉలిక్కిపడేది సగటుకు కాదు, ఆ ఒక్క పేలుడుకే.

టిప్పర్లను లెక్కలో వేశారా? ఎన్ని ట్రిప్పులు, ఏ దారిన, ఏ వేళ?

మీ లెక్క మీరే రాసుకోండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. తేదీ, టైము, ఏం చప్పుడు, ఎంతసేపు, ఏం జరిగింది అని అయిదు గడులు గీయండి. ఇప్పటి నుంచే రాయండి. "రాత్రి 11 గంటలు. కుక్క అరుపు తప్ప ఏమీ లేదు" అని రాసినా అది సాక్ష్యమే. రేపు క్వారీ వచ్చాక తేడా చూపించవచ్చు. బాలింతలు, ముసలివాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఏ ఇళ్ళలో ఉన్నారో కూడా రాసుకోండి.

ఎక్కడ చెప్పాలి?

2006 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం పెద్ద క్వారీలకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గానీ, ఆయన తరఫున పెద్ద అధికారి గానీ కూర్చుంటారు. కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇవ్వాలి. సభలో ఎవరైనా మాట్లాడవచ్చు, కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. చెప్పిన మాటలు రాసుకుని, చివర తెలుగులో చదివి వినిపించాలి. మీ మాట అందులో ఉందో లేదో చెవి పెట్టి వినండి. చిన్న క్వారీకి సభ లేకపోయినా కలెక్టరుకు, మండలికి అర్జీ ఇవ్వవచ్చు. నకలు దగ్గర ఉంచుకోండి.

ఏం కోరాలి? రాత్రి పని ఆపమనండి. పేలుళ్ళకు పగలు ఒక టైము పెట్టి, ముందు సైరను ఊదమనండి. క్రషరును ఊరికి దూరంగా పెట్టి, చుట్టూ మూత కట్టమనండి. ఊరివైపు ఎత్తుగా మట్టికట్ట పొయ్యమనండి. ఒక్క వరస చెట్లు నాటితే చప్పుడు పెద్దగా ఆగదు. టిప్పర్లను బడి దారిన పోనివ్వవద్దనండి.

"మా ఆయనకు అక్కడే పని దొరుకుతుంది, ఎట్లా అడ్డం చెప్పను పిన్నీ?" అని ఒక కోడలు అడగవచ్చు. అడగవలసిన మాటే. కూలి కావాలి. కానీ మిషను పక్కన నిలబడేది ఆ ఇంటాయనే. అందరికంటే ముందు చెవులు పోయేది ఆయనకే. చెవులకు మూతలు ఇవ్వాలని, మిషన్లకు సైలెన్సర్లు ఉండాలని అడగడం ఆయన కోసమే. పని అడగడం ఒక హక్కు. నిద్ర అడగడం కూడా హక్కే. ఒకదాని కోసం ఇంకోటి వదులుకోనక్కర లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. వాళ్ళూ మీలాగే రాత్రి బడిలో పలక పట్టినవాళ్ళే.

పంచాయతీ ఆఫీసు గోడ మీద నోటీసు అంటించి ఉందేమో రేపు చూసి రండి. ఒకరు చదవండి, పదిమంది వినండి. తేదీ రాసుకోండి. సభకు అందరూ కలిసి వెళ్ళండి.