ఆంగ్లతరగతిలో నొక నవల
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. సంస్కృతము చదివి, బడిలో తెలుగును ఆంగ్లమును బోధించి, విశ్రాంతి గైకొన్న మావంటివారు సభలయందు సాధారణముగా ప్రాచీనవిద్యామాహాత్మ్యమునే ప్రశంసింతురు. మేము నేడు ఆ దారి త్రొక్కము. అమెరికాదేశపు బడులలో పదమూడు పదునాలుగేండ్ల పిల్లలకు ఆంగ్లపాఠముగా చెప్పుచున్న యొక చిన్న నవలను గూర్చి విన్నవించుకొందుము. మన బిడ్డలు పెక్కుమంది ఆ దేశమున స్థిరపడియున్నారు. వారి పిల్లలు ఈ పుస్తకమును బడిలో చదువుచున్నారు. కావున నిది మనకు పరాయి విషయము కాదు. ఏల కాదో కడపట మఱింత తేటపడును.

ఆ నవల పేరు 'ది ఔట్‌సైడర్స్'. 'వెలివారు' అని తెలుగు చేయవచ్చును. రచయిత్రి సుసాన్ ఎలోయిజ్ హింటన్. ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా ఆమె యూరు. పదునైదేండ్ల ప్రాయమున వ్రాయ మొదలిడి, ఉన్నతపాఠశాలలో చదువుచుండగనే ముగించినది. 1967లో వైకింగ్ ప్రెస్ వారు ప్రచురించిరి. మగపిల్లల కథను ఆడుపిల్ల వ్రాసినదని విమర్శకులు చులకన చేయుదురేమో యని ప్రకాశకులు సంకోచించి, పూర్తి పేరునకు మాఱుగా 'ఎస్. ఇ.' అను పొడియక్షరములు వేయించిరి. నవల వ్రాయుచున్న యేడే బడిలో రచనాభ్యాసమునందు తనకు 'డి' అను హీనశ్రేణి వచ్చినదని ఆమెయే చెప్పియున్నది. ఈ మాట చదివి మేము తల వంచుకొంటిమి. కారణము పిమ్మట చెప్పెదము.

కథాసంగ్రహ మిది. ఒకే యూరిలో రెండు గుంపుల పిల్లలు. తూర్పువైపున బీదవారు; తలకు నూనె దట్టముగా రాచి జుట్టు పెంచుకొనుటచే వారిని గ్రీజర్లందురు. పడమటివైపున ధనికుల బిడ్డలు, వారు సోష్‌లు. కథ చెప్పువాడు పోనీబాయ్ అను పదునాలుగేండ్ల గ్రీజరు. తలిదండ్రులు మోటారు ప్రమాదమున గతించిరి. ఇరువదియేండ్ల పెద్దన్న డారీ చదువు మాని, యిండ్ల కప్పులు వేయు పనికి పోయి తమ్ములను సాకుచున్నాడు. ఒక రాత్రి సోష్‌లు పోనీబాయ్‌ని నీటితొట్టిలో ముంచి చంపబోగా, మిత్రుడు జానీ వారిలో నొకనిని కత్తితో పొడిచి చంపును. ఇరువురును పాఱిపోయి పాడుపడిన చర్చిలో దాగుదురు. ఆ చర్చికి నిప్పంటుకొనగా, లోన చిక్కిన చిన్నపిల్లలను ప్రాణములకు తెగించి కాపాడుదురు. జానీ గాయములతో ఆసుపత్రిలో మరణించును. గుంపులపోరులో గ్రీజర్లే గెలుతురు. కాని గెలుపువలన నెవరికిని ఏమియు మిగులదు.

పిమ్మట పోనీబాయ్ బడిలో వెనుకబడును. ఆంగ్లోపాధ్యాయుడు స్వానుభవము నొకదానిని వ్యాసముగా వ్రాసి తెచ్చినచో ఉత్తీర్ణత నిత్తునని చెప్పును. ఆ బాలుడు కలము పట్టును. అతడు వ్రాసిన మొదటి వాక్యమే నవలయొక్క మొదటి వాక్యము. మన మంతవఱకు చదివిన గ్రంథమంతయు ఆ బాలుడు ఉపాధ్యాయునికి వ్రాసి యిచ్చిన వ్యాసమే యని యప్పుడు తెలియును! ఆంగ్లతరగతియే యీ నవలకు పుట్టినిల్లన్నమాట.

బాల్యము పోయియు యౌవనము రాని సంధికాలమును మన యాలంకారికులు వయస్సంధి యనిరి; నాయికావర్ణనమునకే యెక్కువగా వాడిరి. ఆ వయస్సుననున్న బాలురు తమ కథను తామే చదువుకొను సాహిత్యము మనకు కొఱవడినది. అమెరికాలో దీని నొక ప్రత్యేకశాఖగా పెంచిరి. ఆ శాఖలో జీవితకాలకృషికై గ్రంథాలయాధికారుల సంఘమువారు మార్గరెట్ ఎడ్వర్డ్స్ పేర నేర్పఱచిన బహుమానమును 1988లో తొలుతగా హింటన్‌కే యిచ్చిరి.

ఇక బోధనాక్రమము. మా మనుమడు ఈ నవలను చదువుచున్న దినములలో మేము మా కొమార్తె యింట నుంటిమి. అతని వ్రాతపుస్తకములను చూచి, ఆ దేశపు ఉపాధ్యాయులు వ్రాసిన పాఠప్రణాళికలను చదివి యీ క్రమమును గ్రహించితిమి. గ్రంథము తెఱవకమునుపే కొన్ని మాటలు బల్లపై వ్రాయుదురు: ధనికులకు కష్టములు తక్కువ, మనిషిగుణము వేషమువలన తెలియును, మిత్రునికొఱకు తప్పు చేయవచ్చును. అంగీకరించువా రొక మూలకు, అంగీకరింపనివారు వేఱొక మూలకు పోయి నిలిచి కారణములు చెప్పవలెను. నవల ముగిసినపిదప ఆ మాటలనే మరల అడుగుదురు. మూల మార్చుకొన్నవాడు ఏల మార్చుకొనెనో చెప్పును. ఇదియే పరీక్ష.

గ్రంథమున పండ్రెండు ప్రకరణములు గలవు. కొంత ఉపాధ్యాయుడు బిగ్గఱగా చదువును. కొంత పిల్లలు ఇంట చదివి, తమకు తోచినది దినచర్యపుస్తకమున వ్రాయుదురు. తెలియని పదమునకు వెంటనే నిఘంటువు తెఱవనీయరు. ముందు వెనుకల వాక్యములను బట్టి యూహింపుమందురు. మేము దీనిని చూచి సంతసించితిమి. శబ్దార్థజ్ఞానమునకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, సిద్ధపదసాన్నిధ్యము అని మన శాస్త్రజ్ఞులు ఎనిమిది సాధనములు చెప్పిరి గదా. మన బడులలో కోశమును వివరణమును మాత్రము మిగిల్చి, తక్కినవానిని విడిచితిమి. ఉపాధ్యాయుడు అర్థము చెప్పును; పిల్లవాడు కంఠస్థము చేయును; గైడుపుస్తకము ఇరువురకును గురువు.

తరువాత నొక యభ్యాసము. కథ నంతయు గ్రీజరే చెప్పుచున్నాడు. చెరీ యను సోష్ బాలిక గలదు. తమవారికిని దుఃఖములు గలవని ఆమె పోనీబాయ్‌తో చెప్పును. ఇరువైపులవారును చూచు సూర్యాస్తమయ మొక్కటియే యని అతడు గ్రహించును. ఈ ఘట్టమును ఆమె నోట మరల వ్రాయుమని పిల్లలకు చెప్పుదురు. పరుని కన్నులతో చూచుట కింతకంటె మంచి సాధన మేది?

లూయీ రోజెన్‌బ్లాట్ అను విదుషి 1938లో ప్రకటించిన గ్రంథమున, కావ్యార్థము పుటలలో సిద్ధముగా నుండదనియు, గ్రంథమును పాఠకుడును కలిసినపుడే పుట్టుననియు నిరూపించినది. రసము సహృదయుని హృదయమందు నిష్పన్నమగునని అభినవగుప్తపాదులు వేయేండ్ల క్రిందటనే చెప్పిరి. వేదము ప్రభువువలె శాసించును. పురాణము మిత్రునివలె బోధించును. కావ్యము కాంతవలె మనసు కరగించి త్రిప్పును. మేము తరగతిలో కావ్యముచేత గూడ ప్రభువు పని చేయించితిమి. అదియే మా లోపము.

భాషను గూర్చి యొక మాట. ఈ నవల వీథిపిల్లల నోటిమాటలతో నిండియున్నది. పోట్లాటలు, పొగత్రాగుట, మద్యము గలవని కొన్ని చోట్ల తలిదండ్రులు దీనిని బడినుండి తీసివేయుడని వాదించిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమును బడిలోనికి తేబూనినపుడు మన పండితులును అట్లే కలవరపడిరి. మే మిప్పటికిని గ్రాంథికముననే వ్రాయుదుము. అది మా యభ్యాసము. కాని పిల్లవాడు తన గుండెలోని మాటను తన భాషలోనే మొదట చెప్పగలడని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ఇక మా తప్పు. ఎన్నో యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతికి 'నా మిత్రుడు' అను విషయముపై ఆంగ్లమున వ్యాసము వ్రాయుమంటిమి. ఒక బాలుడు ఒక పుట వ్రాసెను. చెఱువునీటికై ఊరిలో రెండు కులములవారు తగవులాడిరనియు, నాటినుండి తన మిత్రుడు తన బల్లపై కూర్చుండుట మానెననియు, వానికొఱకు పక్కచోటు ఖాళీగానే యుంచుచున్నాననియు అందు గలదు. మేము ఎఱ్ఱసిరాతో పండ్రెండు తప్పులు దిద్ది, పదింటికి మూడు మార్కులు వేసి, పుస్తకమును తిరిగి యిచ్చితిమి. ఖాళీచోటును గూర్చి ఒక్క మాట యడుగలేదు. ఆ బల్ల మా కన్నులయెదుటనే యుండెను. ఆ పిల్లవాడు మరల నెన్నడును తన మాట వ్రాయలేదు; గైడులోని వ్యాసమునే తప్పులేకుండ వ్రాసెను. మేము దానికి ఎనిమిది మార్కులు వేసితిమి!

నవల ముగించిన నాడు మా మనుమడు, 'తాతయ్యా! మీ యూరిలో గ్రీజర్లెవరు? సోష్‌లెవరు?' అని యడిగెను. మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. ఆ పండ్రెండు తప్పుల పుట జ్ఞప్తికి వచ్చినది.

సోదరులారా! ఇది మన సంఘపు సభ. ఇచ్చట ఈ కథ చెప్పుట యుచితమా యని కొందఱు తలపవచ్చును. గుంపును గూర్చి ఆ బాలిక వ్రాసినది నిందమాత్రమే కాదు. ఇంట తన్నులు తిన్న జానీకి గుంపే యిల్లు. అన్నము పెట్టినది, ఆదరించినది గుంపే. కత్తి యెత్తించినదియు గుంపే. మన సంఘము పేదబిడ్డలకు వసతిగృహము కట్టించినది, విద్యార్థివేతనము లిచ్చినది. మేలు కోరి కూడుట వేఱు, ఒకరి నెదిరింప గుంపుగట్టుట వేఱు. ఈ రెంటికిని నడుమ గీత మిక్కిలి సన్నము. నేడు కళాశాలలలో మన పిల్లలు ఏ గీతకు ఏ ప్రక్క నున్నారో పెద్దలు తమ యింట విచారించి చూచుకొందురుగాక.

పోషకులకు మా విన్నపము చిన్నది. వసతిగృహపు గ్రంథాలయమున ఒకే నవలకు ముప్పది ప్రతులు కొనియుంచుడు. 'ది ఔట్‌సైడర్స్' కానిచో ఆర్. కె. నారాయణ్ గారు 1935లో ప్రకటించిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' కావచ్చును. మంచి తెలుగునవల యైనను సరియే. వారమున కొక్క గంట పిల్లలు కలిసి చదువవలెను. దానికి పరీక్షయు మార్కులును ఉండరాదు. ఆ గంటకు వసతిగృహము తలుపులు ఇరుగుపొరుగున నున్న యితర కులముల బిడ్డలకును తెఱచియుండవలెను. ఈ మూడవది లేనిచో మొదటి రెండును నిష్ప్రయోజనములు.

కాలిఫోర్నియాలో ఫ్రెస్నో సమీపమున నొక బడిపిల్లలు ఈ నవలను చలనచిత్రముగా తీయుడని దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకు సంతకములు చేసి, గ్రంథాలయాధికారిణి లేఖతో పంపిరి. ఆయన 1983లో తీసెను. పిల్లల మాటను పెద్దలు చెవినిడినచో ఫలించునని దీనివలన తెలియుచున్నది. మేము ఒక బాలుని మాట విననైతిమి. ఆ ఖాళీచోటు ఇంకను ఖాళీగానే యున్నదని మా భయము. దానిని నింపుపని మీ చేతులలో నున్నది.

మా మాటలయందు దోషములున్న సహృదయులు క్షమింతురుగాక! స్వస్తి.