చెత్తగుంటలో నీటికి దారి
(కర్నూలు, కడప ప్రాంత పంచాయతీ సభ్యుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



చుట్టుప్రక్కల ఊళ్ల చెత్తను ఒకచోట పూడ్చుటకు మీ గ్రామమున స్థలము అడిగినపుడు తీర్మానము చేయవలసినవారు మీరే. ఆ గుంట అడుగున జరుగు పనిపై మన బావుల మేలుకీడులు ఆధారపడియున్నవి. కావున ఆ విషయమే నేడు మీకు మనవి చేయుచున్నాము.

“మాది వాన లేని సీమ, చెత్తలో నీరెక్కడిది?” అని మమ్ము కొందరు అడుగుదురు. వాన తక్కువే, కాని వచ్చినపుడు కుండపోతగా వచ్చును. 2009 అక్టోబరులో ఎగువనను ఇచ్చటను కురిసిన వానలకు కర్నూలు నగరము మునిగినది. 2021 నవంబరులో చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. అట్టి వాన నీరు చెత్తలో దిగి, నల్లని ఊటయై అడుగున చేరును. కరవు సీమలో ఒక బావి చెడినచో వేరొకటి దొరకుట కష్టము.

గుంట అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండవలెనని 2016 నాటి కేంద్ర ఘనవ్యర్థ నియమములు నిర్దేశించినవి. ఇంతటితో చాలునా? చాలదు. కట్ట ఎంత గట్టిదైనను మరువ లేని చెరువు నిలువదు గదా! ఊట లోతు పెరిగినకొలది ఒత్తిడి పెరిగి, ఏ చిన్న చిల్లు దొరకినను క్రిందికి దిగును. అందుచే ప్లాస్టిక్ పొరపై కంకర పరచి, నూటికి రెండు వంతుల వాలు నిచ్చి, చిల్లులుగల గొట్టముల ద్వారా ఊటను వెలుపలి తొట్టికి చేర్చవలెను. పొరపై ఊట 30 సెంటీమీటర్లకు మించి నిలువరాదు. కంకరపై వడపోత బట్ట లేనిచో మట్టి చేరి సందులు పూడిపోవును.

ఇచ్చట ఒక హెచ్చరిక. బేతంచెర్ల, జమ్మలమడుగు ప్రాంతములలో నాపరాయి ముక్కలు విస్తారము. చౌక గనుక అవియే వాడుదమని కాంట్రాక్టరు అనవచ్చును. నాపరాయి సున్నపురాయి జాతి. ఊటలోని పులుపు దానిని కరగించును. కరగిన సున్నము మరల పేరుకొని గొట్టముల చిల్లులను మూయును. ఇంజనీరుచేత రాతిపై పలుచని ఆమ్లము రెండు చుక్కలు వేయించి చూడుడు. నురుగు పొంగినచో ఆ రాయి పనికిరాదు. కడిగిన గ్రానైటు కంకరనో, పలుగురాతినో కోరుడు.

గుంట నిండిన పిమ్మట పైకప్పునకును ఇదే న్యాయము. 60 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 15 సెంటీమీటర్ల కంకర, ఆపైన 45 సెంటీమీటర్ల మట్టి, అందు గడ్డి. ఇది ఆ నియమముల లెక్క. మన నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చుట మీరెరిగినదే. బంకమట్టి అట్లు విచ్చినచో తొలివానకే నీరు చెత్తలోనికి దిగును. పైమట్టి దాని తేమను కాపాడును. కంకర వాననీటిని ప్రక్కకు మళ్లించును. ఖర్చు తగ్గింతుమని ఎవరన్నను ఈ రెంటిని తగ్గింపనీయకుడు.

పూడ్చిన తరువాత పొరలు కంటికి కనబడవు. కావున పరచునపుడే మీలో ఇద్దరు అచ్చట నిలిచి మందము కొలువుడు. ఈ షరతులన్నియు తీర్మానమున వ్రాయింపుడు. పని ఆరంభింపక మునుపే చుట్టునున్న బావుల నీటిని పరీక్ష చేయించి, ఆ కాగితము పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. రేపు నీరు చెడినదని చెప్పవలసి వచ్చినచో అదియే మీ సాక్షి.