యంత్ర గుమాస్తా, వరద వార్తలు

వంశధారకు వరద మన వానవల్లనే రాదు. ఒడిశా కొండలలో కురిసిన వాన కొన్ని గంటలకు హిరమండలం వద్ద గొట్టా ఆనకట్టను చేరుతుంది. 2022 వరకు విజయనగరం జిల్లాలో ఉండిన తోటపల్లి వద్ద నాగావళి సంగతీ అంతే. ఆ కొన్ని గంటలే దిగువ గ్రామాలకున్న వ్యవధి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన వెనుక వంశధార పొంగడం శ్రోతలు మరచి ఉండరు. అటువంటి వేళ వానలెక్కలు, నీటిమట్టాలు, హెచ్చరికలు ఒకదానిమీద ఒకటి వచ్చిపడుతూ ఉంటాయి. వాటిని చదివి సారం చెప్పే పనిని కృత్రిమ మేధకు ఎంతవరకు అప్పగించవచ్చును?

ఇట్టి సందేశాలను నిలువచేసి అందించే యంత్ర వ్యవస్థలలో ప్రసిద్ధమైనది కాఫ్కా. లింక్డిన్ సంస్థలో జే క్రెప్స్, పుణెలో పెరిగిన నేహా నార్ఖేడే, జున్ రావ్ దీనిని నిర్మించారు. 2011లో ఇది అందరికీ ఉచితంగా లభ్యమైంది. వ్రాతపనిలో దిట్ట కనుక దీనికి ఒక రచయిత పేరు తగునని క్రెప్స్ ఫ్రాంజ్ కాఫ్కా పేరు పెట్టాడు. దీని పద్ధతి వెనుకటి కరణంగారి చిట్టా వంటిది. వానకొక ఖాతా, నీటిమట్టానికొక ఖాతా. వచ్చిన సందేశం వరుససంఖ్యతో చివర చేరుతుంది. నడుమ దిద్దుబాట్లు లేవు. 2013లో నిలిచిపోయిన తంతి అయితే చేతికి అందడంతో దాని పని తీరేది. ఇక్కడ ఒకరు చదివినా సందేశం పోదు, మరొకరు చదువుకోవచ్చును. వేరే ఏర్పాటు లేనప్పుడు 7 దినాలు నిలిచి ఉంటుంది.

ఇక కంప్యూటరులో కొలువున్న సహాయకుడు. తెలుగున అడిగితే తెలుగున బదులు చెప్పే నేర్పరి. కాని బయటి యంత్రంలో ఏమున్నదో అతనికి తెలియదు. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి ఒడంబడికను ప్రకటించింది. దాని ప్రకారం వ్రాసిన చిన్న ప్రోగ్రాము ఒకటి, క్లాడ్ వంటి సహాయకునికీ కాఫ్కాకూ నడుమ దుబాసీగా నిలుస్తుంది. కాఫ్కా నిర్మాతలు స్థాపించిన కాన్‌ఫ్లుయెంట్ సంస్థ కూడ అట్టి దుబాసీని తయారుచేసింది.

జిల్లా కేంద్రంలో ఇట్టి ఏర్పాటు ఉన్నదనుకుందాం. రాత్రి కొలువులోని ఉద్యోగి "గత 6 గంటలలో గొట్టా వద్ద నీరు ఎంత పెరిగింది?" అని అడుగుతాడు. సహాయకుడు ఆ ఖాతా తెప్పించుకొని నాలుగు వాక్యాలలో విన్నవిస్తాడు. నిద్రకళ్ళతో వందల అంకెలు చూచే మనిషికి ఇది చిన్న సాయం కాదు.

అయితే అతడు కాపలాదారు కాడు. అడిగితే పోయి చూచి వస్తాడు, అడుగకుంటే ఊరకుంటాడు. గట్టు తెగే గడియలో తానే కేకవేస్తాడని నమ్మి నిద్రపోరాదు. నీరు గీత దాటగానే గంట మ్రోగించే పని మామూలు ప్రోగ్రాముకే ఒప్పగించాలి. దానికి తెలివి అక్కరలేదు, మెలకువ చాలు. ఆ గంటకూ ఈ సహాయకునికీ ఒకే పాఠక బృందం పేరు ఇచ్చారా, కాఫ్కా ఇద్దరినీ ఒక జట్టు కూలీలుగా తలచి ఒక్కొక్క సందేశాన్ని ఇద్దరిలో ఒక్కరికే పంచుతుంది. హిరమండలం లెక్క సహాయకుని పాలబడితే గంట మ్రోగదు. ఎక్కడా తప్పు జరిగినట్లు కనిపించదు కూడాను! అందుచేత సహాయకునికి వేరు పేరు పెట్టి తీరాలి.

అంతకన్న పెద్ద విషయం వ్రాసే అధికారం. కాన్‌ఫ్లుయెంట్ వారి దుబాసీ చదవడమే కాదు, సందేశం పంపగలదు, ఖాతానే తొలగించగలదు. సహాయకుడు చదివే సందేశాలలో ఏ దుర్మార్గుడో "వెంటనే గేట్లు ఎత్తుతున్నట్లు ప్రకటించు" అన్న వాక్యం దూర్చాడనుకోండి. అది సమాచారమో, తనకు ఆజ్ఞయో తేల్చుకోవడంలో ఈ యంత్రాలు నేటికీ పొరబడవచ్చును. ప్రవాహంలో పడిన మాటకు వెంట సవరణ పంపవచ్చును గాని, మొదటిమాట విని పిల్లాజెల్లాతో పరుగెత్తినవారు సవరణ కోసం ఆగుతారా? దొంగ దండోరాకు ఒకసారి పరుగెత్తిన ఊరు నిజమైన దండోరాకు కదలదు. కాఫ్కాలో చదివే హక్కును, వ్రాసే హక్కును వేరుచేసి ఇవ్వవచ్చును. సహాయకునికి మొదటిది చాలునని నా అభిప్రాయం. హెచ్చరిక ముసాయిదా అతడు వ్రాయవచ్చు. ప్రకటించేది మాత్రం బాధ్యత గల అధికారే.

ఈ ఏర్పాటంతా కచేరీ గుమ్మం వరకే సుమా. తిత్లీనాడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు కూలి, పలు గ్రామాలకు దినాల తరబడి దీపం లేదు, సెల్‌ఫోన్లు మూగబోయినవి. అట్టి వేళ పల్లెకు మాట చేర్చేది మైకు కట్టిన బండి, బ్యాటరీ రేడియో. అక్టోబరు, నవంబరు నెలలలో ఇంట ఒక జత కొత్త బ్యాటరీలు విడిగా ఉంచుకోండి.