పురుగుకు గట్టు తెల్వది
(చిల్పూర్ రైతుల మీటింగులో మాట్లాడింది)

అక్కలారా, తండాల నుంచి వచ్చిన తమ్ముళ్లారా,

మన జనగామ జిల్లాలనే, లింగాల ఘనపూర్ మండలంల ఏనెబావి ఉంది. రసాయన ఎరువులు, పురుగుమందులు వద్దని 2006లో ఊరంతా ఒక్కమాట అనుకున్నది. అంతకు ముందే అక్కడ ఆముదం చేన్లకు ఎర్రగొంగళి పట్టేది. తొలకరి పడంగనే పొద్దుమీకి మంటలు పెట్టిన్రు. రెక్కల పురుగులు గుడ్లు పెట్టకముందే మంటల పడి సచ్చినయ్. ఒక్కడు పెడితే ఏం లాభం? పక్కచేను పురుగు మళ్లొస్తది. అందరూ అవే రోజుల్ల పెట్టాలె. ఈ మీటింగు అందుకే.

ఉద్దెర తెచ్చేటోనికి దుకాణంల ఏ డబ్బా ఇస్తే అదే మందు. మిత్తి ఎంతో పంట అమ్మినంక తెలుస్తది. ముందే అడగనీకె మనకు మొగమాటం!

వేపగింజలేమో చెట్ల కింద ఉత్తగ పోతున్నయ్. ఏరి నీడకు ఎండబెట్టుండ్రి. 5 కిలోల పప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లు చేస్తే 5 శాతం కషాయం. సాయంత్రం కొట్టాలె. ముదిరిన పురుగు మీద అంతగ పనిచెయ్యది, అదీ చెప్తున్న.

పోడు పట్టా ఉన్నోళ్లకు ఇంకోమాట. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ భూమి అమ్మరాదు, పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలె. ఇంటికి పోయినంక అమ్మ పేరు ఉందో లేదో చూడుండ్రి. లేకపోతే ఆ కాగితం పట్టుకొని గ్రామసభకు రాండ్రి.